టెక్ సందేహాలు: రాత్రయితే కెమెరాలో అంతా తెల్లగా ఎందుకు?

*ఇంటి ముందు పెట్టిన కెమెరాలో పగలు బొమ్మ బాగుంటుంది. రాత్రయ్యేసరికి పొగ కమ్మినట్టు తెల్లగా అయిపోతోంది. గేటు దగ్గర ఎవరున్నారో తెలియడం లేదు. కెమెరా పాడైందా? – ఖమ్మం నుంచి ఒక పాఠకుడు*

వానలు మొదలైన దగ్గర్నుంచి వారానికి ఒకరైనా ఇదే అడుగుతున్నారు. చాలాసార్లు కెమెరా బాగానే ఉంటుంది, దాని ముందు సాలెగూడు ఉంటుంది. ఇంటి కెమెరా నిజానికి చీకట్లో చూడదు, లెన్స్ చుట్టూ ఉన్న చిన్న ఎల్‌ఈడీలతో తనే టార్చి వేసుకుంటుంది. ఆ వెలుగు మన కంటికి దాదాపు కనబడని ఇన్‌ఫ్రారెడ్, ఎక్కువగా 850 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఉంటుంది. మన కంటికి ఆ ఎల్‌ఈడీలు మసక ఎర్ర చుక్కల్లా తప్ప కనబడవు. కెమెరా సెన్సర్ మాత్రం ఆ వెలుగును బాగా పట్టుకుంటుంది. లెన్స్ ముందు సాలీడు దారం ఉన్నా, పక్కనే తెల్ల సున్నం గోడ ఉన్నా టార్చి వెలుగు అక్కడే తగిలి వెనక్కి వచ్చేస్తుంది. వెలుగు ఎక్కువైందనుకుని కెమెరా బొమ్మ మొత్తం వెలుగును తగ్గించేస్తుంది. గేటు దగ్గరి మనిషి చీకట్లో కలిసిపోతాడు.

పోయిన వారం మా పెరటి కెమెరాకీ ఇదే జరిగింది. పాత టూత్‌బ్రష్‌తో గూడు దులిపి, మెత్తటి బట్టతో అద్దం తుడిచాను. ఫోన్‌లో చూస్తుండగానే జామచెట్టు ఆకులు విడివిడిగా కనబడ్డాయి. తుడిచినా మారకపోతే ఎల్‌ఈడీలు వెలుగుతున్నాయో లేదో చూడండి. చీకట్లో ఫోన్ సెల్ఫీ కెమెరాను అటు తిప్పితే చాలా ఫోన్లలో అవి ఊదారంగు చుక్కల్లా కనిపిస్తాయి. కెమెరాను కిటికీ అద్దం వెనక మాత్రం పెట్టకండి, దాని టార్చి దానికే తగులుతుంది.

*మొక్కజొన్న చేలో అడవి పందుల బెడద. ఆన్‌లైన్‌లో నైట్ విజన్ బైనాక్యులర్ 300 మీటర్లు చూపిస్తుందని ఉంది. కొనొచ్చా? – జగిత్యాల నుంచి ఒక రైతు*

తొందరపడకండి. తక్కువ ధరకు దొరికేవాటిలో చాలావరకు లోపల ఉండేది మీ గేటు కెమెరా లాంటి సెన్సరే, ముందు ఇన్‌ఫ్రారెడ్ టార్చి. దూరం రెట్టింపయితే పంది మీద పడే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. అట్టపెట్టె మీద 300 అని రాసేవాళ్లు ఏ రాత్రి, ఏ వస్తువును చూసి రాశారో ఎక్కడా చెప్పరు. కష్టపడి సంపాదించిన డబ్బు పెట్టే రైతుకు అలాంటి అంకె చూపించడం తప్పని నా అభిప్రాయం.

సైనికుల కళ్లద్దాల్లో కనిపించే పచ్చటి బొమ్మ వేరే రకం. అందులోని గొట్టం నక్షత్రాల వెలుగును ఎలక్ట్రాన్లుగా మార్చి, వేల రెట్లు పెంచి, తెర మీద మళ్లీ వెలుగుగా చూపిస్తుంది. దాన్ని పగటి ఎండలో ఆన్ చేస్తే గొట్టం పాడవుతుంది. మీ పనికి అది అక్కర్లేదు.

మీకు కావలసింది థర్మల్. ప్రతి వెచ్చటి ఒళ్లూ ఇన్‌ఫ్రారెడ్ వదులుతుంది, థర్మల్ కెమెరా 8 నుంచి 14 మైక్రాన్ల (8,000 నుంచి 14,000 నానోమీటర్ల) తరంగదైర్ఘ్యం మధ్య దాన్ని పట్టుకుంటుంది. టార్చి అవసరమే లేదు, చల్లటి నేల మీద పంది తెల్లగా మెరుస్తుంది. కానీ ఆకుల వెనక ఉన్నదాన్ని అది చూపలేదు. పైరు నిలువెత్తు పెరిగాక చేను మధ్యలోకి కాదు, గట్టు వైపు తిప్పుకోవాలి. ధర ఎక్కువ కాబట్టి నలుగురు రైతులు కలిసి ఒకటి కొనుక్కోవడం మేలు. కొనేముందు ఒక రాత్రి మంచె మీద నుంచి చూసుకోనిస్తేనే డబ్బు కట్టండి.

*పాప గదిలో కెమెరా పెట్టాం. రాత్రి ఏ లైటూ వెలగదు. బయటివాళ్లు ఎవరైనా చూడగలరా? – హైదరాబాద్ నుంచి ఒక తల్లి*

చూడగలరమ్మా. నాకు వచ్చే ఉత్తరాల్లో నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. మీ కెమెరాలో బహుశా 940 నానోమీటర్ల ఎల్‌ఈడీలు ఉన్నాయి, వాటిలో ఎర్ర చుక్క కూడా కనబడదు. పాప నిద్ర చెడకుండా ఉండటానికి అది మంచిదే. కానీ వెలుగు కనబడకపోయేసరికి కెమెరా చూస్తోందన్న సంగతే ఇంట్లోవాళ్లు మరచిపోతారు. అదే గదిలో బట్టలు మార్చుకుంటారు, పాపకు పాలిస్తారు.

2016లో మిరాయ్ అనే వైరస్ లక్షల కెమెరాలు, డీవీఆర్‌లు (కెమెరా దృశ్యాలను రికార్డు చేసే పెట్టెలు), రూటర్లలోకి చొరబడింది. అది గొప్ప విద్యేమీ చూపలేదు. ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు 60కి పైగా వరసగా ప్రయత్నించింది, అంతే. ఆ ఏడాది అక్టోబర్ 21న ఆ పరికరాలతోనే దాడి చేయించి అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివాటిని గంటల తరబడి అందకుండా చేశారు. మన దేశంలో అమ్మే సీసీటీవీలకు 2025 ఏప్రిల్ 9 నుంచి భద్రతా పరీక్షలు తప్పనిసరి చేశారు. అంతకుముందే గోడకెక్కినవి మాత్రం అలాగే ఉన్నాయి.

వైరస్ కన్నా దగ్గర్లో ఇంకో ప్రమాదం ఉంది. కెమెరా బిగించడానికి వచ్చిన కుర్రాడు తన ఫోన్‌తోనే క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, తన మెయిల్‌తో ఖాతా తెరిచి, మీకు 'షేర్' చేసి వెళ్తాడు. అప్పుడు ఓనర్ అతను, మీరు అతిథి. అతను మంచివాడే కావచ్చు, రేపు ఆ ఫోన్ ఎవరి చేతిలో పడుతుందో ఎవరికి తెలుసు? బిగించిన రోజే ఓనర్‌షిప్ ఇంటివాళ్లకు అప్పగించేలా యాప్ తయారు చేయడం పెద్ద పనేం కాదు. తయారీదారులు దాన్ని ఇన్నేళ్లుగా పట్టించుకోకపోవడం నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది.

ఈ రాత్రే యాప్ తెరిచి 'డివైస్ షేరింగ్'లో ఎవరెవరి పేర్లున్నాయో చూడండి. ఓనర్ మీరు కాకపోతే ఆ కుర్రాడిని పిలిచి, మీ ఎదురుగానే అతని ఖాతాలోంచి కెమెరాను తీసేయించండి. తర్వాత రీసెట్ చేసి మీ మెయిల్‌తో, ఇంకెక్కడా వాడని పాస్‌వర్డ్‌తో మొదలుపెట్టండి. రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ లాంటిది కూడా అడిగేది) ఉంటే ఆన్ చేయండి, ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ వచ్చి ఉంటే వేసుకోండి. అప్పటిదాకా కెమెరా ప్లగ్ తీసేసి ఉంచండి.