జీఐ ఉన్నా ఫిర్యాదు ఎందుకు చెల్లలేదంటే

శ్రీకాళహస్తి కలంకారీకి జీఐ (భౌగోళిక గుర్తింపు, అంటే ఒక ప్రాంతపు ఉత్పత్తి పేరుకు చట్టం ఇచ్చే రక్షణ) కళాకారుల సంఘం పేరున ఉంది, కళాకారులుగా మీ పేరు అందులో చేరి ఉండదు. స్క్రీన్ ప్రింట్ చీరలను ‘శ్రీకాళహస్తి కలంకారీ’ అని అమ్మేవాళ్లపై మీ ఫిర్యాదు ఆగిపోవడానికి చాలావరకు కారణం ఇదే.

1. చెన్నై జీఐ రిజిస్ట్రీ సైట్‌లో అధీకృత వినియోగదారుల (ఆ పేరు వాడుకునే హక్కు నమోదైనవాళ్ల) జాబితా చూడండి.

2. పేరు లేకపోతే ఆ నమోదుకు దరఖాస్తు అయిన ఫారం జీఐ-3 వేయండి. అందరూ వదిలేసేది ఇక్కడే. సంఘం చేయించింది కదా, మనకూ వర్తిస్తుందిలే అనుకుంటారు. వర్తించదు. 1999 జీఐ చట్టం కింద ఎవరికి వారు విడిగా నమోదు కావాలి. 2020లో నిబంధనల సవరణ తర్వాత సంఘం సంతకం కోసం తిరిగే బాధ కూడా లేదు.

3. మీరే కలంతో వేస్తారని చూపే వివరణ జతచేయండి. అచ్చుల కలంకారీకి మచిలీపట్నం జీఐ వేరే, కలపకండి.

4. నమోదయ్యాకే లాయర్ నోటీసు.

జీఐ కాపాడేది పేరునే. మీ డిజైన్‌ను వేరే పేరుతో అమ్మితే కాపీరైట్ దారి చూడాలి.