తేనెటీగలు పెట్టె బయట వేలాడుతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: నువ్వుల చేను గట్టున ఐరోపా తేనెటీగల పెట్టెలు పెట్టాను. మార్చి చివర నుంచి మధ్యాహ్నం కాగానే వందల ఈగలు గుమ్మం బయట గుత్తిగా వేలాడుతున్నాయి. కొన్ని పశువుల తొట్టి మీద ముసురుతుంటే గేదెలు నీళ్ళు తాగడానికి బెదురుతున్నాయి. తేనె కూడా తగ్గింది. ఇది జబ్బా? తొట్టికి మూత వేసి, పొగ పెట్టి ఈగలను లోపలికి పంపమంటారా?
– ఒక రైతు, జగిత్యాల జిల్లా

జవాబు: పొగ పెట్టకండి. తొట్టి కూడా ఇప్పుడే మూయకండి. మీరు చెప్పిన గుర్తులు జబ్బువి కావు, ఎండ దెబ్బవి.

ఈగలు ఏ పని చేస్తున్నాయన్నది కాసేపు పక్కన పెట్టి, దేన్ని కాపాడుకుంటున్నాయో చూడండి. పిల్లలున్న చట్రాల (పెట్టెలో పట్టు కట్టే చెక్క ఫ్రేముల) దగ్గర వేడి 34, 35 డిగ్రీల వద్ద నిలవాలి. ఆ వేడి ఎంతుందో ప్రతి ఈగకూ ఒంటికి తెలుస్తుంది. హద్దు దాటగానే కొన్ని గుమ్మం దగ్గర నిలబడి రెక్కలతో విసురుతాయి. అది చాలకపోతే నీళ్ళు తెచ్చి పట్టులోని మైనం గదుల మీద పలచగా పూస్తాయి, ఆ తడి ఆరుతుంటే లోపల చల్లబడుతుంది. ఇంకా చాలకపోతే లోపలి ఇరుకు తగ్గేలా బయటికొచ్చి వేలాడతాయి. అదే చలికాలంలో అయితే పిల్లల మీద గుమిగూడి, రెక్కలు ఆడించకుండానే రెక్కల కండరాలను వణికించి వేడి పుట్టిస్తాయి. కాలాన్ని బట్టి పని తారుమారైనా, అవి నిలబెట్టే వేడి ఒక్కటే.

అన్నీ ఒక్కసారిగా విసరడం మొదలుపెట్టవు. రాణి ఈగ చాలా పోతు ఈగలతో కలుస్తుంది కాబట్టి, ఒక్కో తండ్రి సంతానం ఒక్కో డిగ్రీ దగ్గర పనిలోకి దిగుతుంది. అందుకే లోపల వేడి ఒక్కసారిగా పడిపోకుండా, పెరిగిపోకుండా నిదానంగా సర్దుకుంటుంది. నాకు ఎప్పుడూ ముచ్చటగొలిపే ఏర్పాటు ఇది.

జర్మనీకి చెందిన తేనెటీగల శాస్త్రవేత్త మార్టిన్ లిండావర్ దక్షిణ ఇటలీలో లావా రాళ్ళ నేల మీద, మండుటెండలో ఒక పెట్టె పెట్టి చూశారు. బయట వేడి 70 డిగ్రీల దాకా వెళ్ళినా, నీళ్ళు దొరికినంతసేపూ లోపల 35 దాటలేదు. నీళ్ళు దొరికినంతసేపూ అన్న మాట గుర్తుంచుకోండి. మీరు తొట్టి మూస్తే వాటి అవసరం తీరదు. ఇంకా దూరం పోయి నీళ్ళు వెతుకుతాయి, మకరందం తెచ్చే ఈగలు కూడా నీళ్ళ పనిలో పడతాయి. మీ తేనె తగ్గడానికి ఒక కారణం ఇదే అయి ఉండొచ్చు. నీళ్ళు అసలు దొరక్కపోతే పిల్లలు చనిపోతాయి, ఈగలు పెట్టె వదిలి వెళ్ళిపోవచ్చు కూడా.

నా మాట మీద నమ్మకం కుదరాలంటే, రెండు పెట్టెలకు మాత్రం పైన తాటాకు పందిరి వేసి, మిగతావి అలాగే ఉంచండి. మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి చూడండి. నీడలో ఉన్నవాటి దగ్గర వేలాడే గుత్తి పలచబడితే సమస్య వేడేనని మీకే తేలిపోతుంది.

తర్వాత అన్నిటికీ పందిరి వేయండి. పెట్టెలను మాత్రం కాస్త దూరంలో ఉన్న చెట్టు కిందికి మోయకండి, మేతకు వెళ్ళిన ఈగలు పాత చోటికే వచ్చి తిరుగుతాయి. మూత కింద సన్నటి పుల్ల పెట్టి గాలి ఆడనివ్వండి, పైన తడి గోనె కప్పండి. లోపల కిక్కిరిసి ఉంటే పైన తేనె కోసం పెట్టే అదనపు పెట్టె ఒకటి చేర్చండి. ఎండలో పెట్టె తెరవొద్దు, మైనం మెత్తబడి పట్టులు విరిగిపడతాయి. పొద్దున ఎనిమిదిలోపు చూసుకోండి.

ఇక గేదెల సంగతి. ఈగలు అలవాటైన నీళ్ళను తొందరగా వదలవు. వెడల్పాటి పళ్ళెంలో గులకరాళ్ళు పరిచి, రాళ్ళు మునగకుండా నీళ్ళు పోసి మొదట తొట్టి పక్కనే పెట్టండి. ఈగలు దానికి అలవాటు పడ్డాక రోజుకు కొంచెం చొప్పున పెట్టెల వైపు జరపండి. ఒక్క పూట కూడా ఎండనివ్వకండి. ఎండిందంటే మళ్ళీ తొట్టికే వస్తాయి.

నీడ, నీళ్ళు అమర్చాక కూడా తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు ఈగలు వేలాడుతూనే ఉంటే చట్రాల అడుగున రాణి గదులు (కొత్త రాణిని పెంచే గదులు) ఉన్నాయేమో చూడండి. ఉంటే గుంపు విడిపోవడానికి సిద్ధమవుతున్నట్టే. పెట్టె ముందు చచ్చిన ఈగలు కుప్పగా కనిపిస్తే చుట్టుపక్కల చేలలో ఏ మందు కొట్టారో అడిగి తెలుసుకోండి. పూత మీదున్న నువ్వులకు మందు తప్పనిసరైతే, ఈగలు పెట్టెకు చేరాక సాయంత్రం పూటే కొట్టమని పక్క రైతులకూ చెప్పండి.