జంతుబలి మీద వ్యాసంతో అమ్మవారి కార్టూన్ వేయొచ్చా?

మీ చిన్న మాసపత్రికలో జాతర బలుల మీద వ్యాసం వేస్తున్నారు, పక్కన అమ్మవారి కార్టూన్ కూడా వేస్తే కేసు అవుతుందా అని అడిగారు. వ్యాసం తప్పకుండా వేయండి. ఆ కార్టూన్ మాత్రం వద్దనే చెబుతాను, అదీ పోలీసులకు భయపడి కాదు.

ముందు చట్టం సంగతి. మతాన్ని, మత విశ్వాసాలను అవమానించడాన్ని నేరంగా చూసే ఐపీసీ 295ఏ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్. మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. నాన్‌బెయిలబుల్. అయితే ఎవరి మనోభావాలో దెబ్బతిన్నంత మాత్రాన నేరం రుజువు కాదు. కావాలని, దురుద్దేశంతో అవమానించినట్టు తేలాలి. 1957లో రాంజీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను నిలబెట్టింది ఆ మాటల బలం మీదే. ఒక పత్రిక ముఖచిత్రం మీద ధోనీని విష్ణువులా వేసినందుకు అనంతపురంలో నడిచిన కేసును 2017లో కొట్టేసింది కూడా అలాంటి ఉద్దేశం లేదనే. కానీ ఆ బొమ్మ వచ్చింది 2013లో. గెలిచే కేసైనా చిన్న పత్రికను వాయిదాలే మింగేస్తాయి.

ఫిర్యాదు వస్తే మీ వకీలు చూడాల్సినవి మూడున్నాయి. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 173(3) కింద పోలీసులు ఎఫ్‌ఐఆర్‌కు ముందే 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరపొచ్చు. మాట, రాత మీద వచ్చే ఇలాంటి ఫిర్యాదుల్లో ఆ దారే పట్టడం మంచిదని ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. అరెస్టు అవసరం లేనప్పుడు పోలీసుల ముందు హాజరు కమ్మనే 35(3) నోటీసు ఇవ్వాలి, అది అందితే హాజరు ఎగ్గొట్టకండి. అదే సంహిత 217 ప్రకారం ప్రభుత్వ అనుమతి లేనిదే కోర్టు 299 కేసును విచారణకు తీసుకోకూడదు. ఎఫ్‌ఐఆర్‌కు మాత్రం ఆ అనుమతి అక్కర్లేదు, చాలామంది పొరబడేది ఇక్కడే.

ఉద్దేశాన్ని కోర్టు వెతికేది మీ పేజీలోనే. వ్యాసం ఎంత నిదానంగా ఉన్నా, డెస్కులో ఎవరో «రక్తం తాగే దేవత» అని శీర్షిక పెడితే మొత్తం దాని వెలుగులోనే చదువుతారు. «1950 నుంచి నిషేధం ఉన్నా ఆగని బలులు» అని పెట్టండి: జంతు, పక్షి బలుల నిషేధ చట్టం ఆ ఏడాదిదే, మీ వాదనకు ఆయువుపట్టు కూడా అదే. బొమ్మ సంగతి ఇంకా కష్టం. వాట్సాప్‌లో కార్టూన్ ఒక్కటే తిరుగుతుంది, మీ పన్నెండు వందల మాటల వ్యాసం దాని వెంట వెళ్లదు.

అసలు ప్రశ్న ఇది: ఆ బొమ్మ ఎవర్ని చూసి నవ్వుతోంది? మొక్కు తీర్చుకోవడానికి అప్పు చేసి మేకపోతును తెచ్చిన కూలి మనిషినైతే, అది విమర్శ కాదు, పైనుంచి చేసే వెక్కిరింపు. ఆ మనిషి నమ్మకాన్ని ప్రశ్నించే హక్కు మీకు పూర్తిగా ఉంది, అందులో ఒక్క అడుగు కూడా వెనక్కి వేయకండి. చట్టం ఉండి కూడా జాతరలో బలుల ఏర్పాట్లు చూసీచూడనట్టు వదిలేసే అధికారిని గీయండి. అమ్మవారిని గీస్తే ఆయన తప్పించుకుంటాడు.

అచ్చుకు ముందు ఆ నమ్మకం ఉన్నవాళ్లలో ఇద్దరి చేత ప్రూఫు చదివించండి, వీటో ఇవ్వకుండా. వాస్తవం తప్పని వాళ్లు చూపితే దిద్దండి, బాధగా ఉందంటే వినండి, వాళ్ల జవాబుకు అదే సంచికలో అరపేజీ ఇవ్వండి. చిత్తుప్రతులు, ఆధారాలు, శీర్షిక ఎందుకు మార్చారో రాసుకున్న కాగితం తేదీలతో దాచండి. ఉద్దేశం మీద ప్రశ్న వచ్చిననాడు వకీలు ముందు అడిగేది ఆ ఫైలే.