పులి గూడు తర్వాత చూద్దువులే

తమ్ముడూ,

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన వ్యాసం రెండూ చదివాను. భూటాన్‌లో టీచరుగా చేరి ఏడాది కావస్తోందని, డిసెంబరు మధ్యలో బడి మూసేస్తే మళ్లీ ఫిబ్రవరి దాకా తెరవరని, ఆ చలికాలం సెలవుల్లో దేశమంతా తిరిగి ఒక పుస్తకం రాసెయ్యాలని ఉందని రాశావు. తిరుగు, తప్పకుండా తిరుగు. పుస్తకం సంగతి తర్వాత చూద్దాం. ముందు నీ వ్యాసం గురించి మొహమాటం లేకుండా చెప్తాను. పొగడ్తే కావాలంటే నీకు స్నేహితులున్నారు కదా, నా దాకా రావాల్సిన పనేముంది.

పారోలో పులి గూడు, అదే కొండ అంచునున్న తక్‌త్సాంగ్ మఠం, ఎక్కిన రోజు గురించి రాశావు. ఎక్కుడు, ఆయాసం, సగం దారిలో టీ, పైన మబ్బులు, చివర్లో మనశ్శాంతి. భాష బాగుంది. కానీ ఆ వ్యాసం రాయడానికి నువ్వు అక్కడ టీచరై ఉండక్కర్లేదు, నాలుగు రోజుల ప్యాకేజీ టూర్‌లో వచ్చినవాళ్లెవరైనా రాస్తారు, రాస్తూనే ఉన్నారు. 1692లో కట్టారు, 1998లో కాలిపోయింది, 2005 నాటికి మళ్లీ కట్టారు, ఇవన్నీ గైడు నోటి వెంట వచ్చేవే. నాకు నచ్చింది ఒక్క చోటు. దిగేటప్పుడు గుర్రాలతో ఎదురొచ్చిన కుర్రాడు నీ క్లాసు పిల్లాడి అన్నయ్యని తెలిసిందని, సోమవారాల్లో ఆ పిల్లాడి హోంవర్క్ ఎందుకు ఖాళీగా ఉంటుందో అప్పుడు అర్థమైందని రాశావు చూడు, అది. రాసి, వెంటనే మళ్లీ మబ్బుల్లోకి వెళ్లిపోయావు! ఆ వాక్యం దగ్గరే ఆగి ఉంటే వ్యాసం అక్కడ మొదలయ్యేది.

నేను చెప్పదల్చుకున్నది ఇంతే. నీ సెలవులకి దారి నీ హాజరు పట్టీలో ఉంది. గైడు పుస్తకం పక్కన పెట్టి, పిల్లలు సెలవులకి ఏ ఊరు వెళ్తారో ఆ ఊళ్లకి వెళ్లు.

ఎలాగంటావా? పరీక్షల హడావుడి మొదలవ్వకముందే ఒక పీరియడ్ తీసుకుని, బడి నుంచి మీ ఇంటికి దారి గీయండి అని చెప్పు. ఎక్కడ బస్సు దిగుతారు, ఎక్కడి నుంచి నడక, ఏ వంతెన ఊగుతుంది, ఎక్కడ కుక్కలు వెంటపడతాయి, ఎక్కడ కూర్చుని తింటారు, అన్నీ పెట్టమను. కింద నాలుగు వాక్యాలు రాయమంటే పాఠం కిందే చెల్లిపోతుంది, అక్కడ వాళ్ల జాతీయ భాష జోంగ్‌ఖా తప్ప దాదాపు అన్ని సబ్జెక్టులూ ఇంగ్లిష్‌లోనే కాబట్టి నువ్వు ఏ సబ్జెక్టు చెప్పినా ఎవరూ అడగరు. ఆ కాగితాలు చూశాక నీకే తెలుస్తుంది. టూరిస్టు మ్యాపులో అంత పెద్దగా ఉండే జోంగ్, అదే కోటలాంటి మఠం, వీళ్ల మ్యాపుల్లో చాలాసార్లు కనిపించదు. వాగు నీళ్లకి దానంతటదే తిరిగే మాని చక్రం, అంటే ప్రార్థన చక్రం, ఉంటుంది, అత్త ఇల్లు ఉంటుంది, జారిపడ్డ చోటు ఉంటుంది. బోర్డింగ్‌లో ఉండే పిల్లల మ్యాపులైతే ఒక్కోసారి కాగితం చాలక వెనక పేజీకి పోతాయి. తూర్పు వైపు పిల్లలుంటే మరీను. రాజధాని థింపూ నుంచి తూర్పున త్రాషిగాంగ్ దాదాపు 550 కిలోమీటర్లే, కానీ బస్సులో రెండు రోజుల మాట. మధ్యలో థ్రుమ్షింగ్లా కనుమ 3,700 మీటర్ల పైన ఉంటుంది, జనవరిలో మంచు పడితే అక్కడ ఎంతసేపు కూర్చోవాలో డ్రైవరు కూడా చెప్పలేడు. అక్కడ దూరాన్ని గంటల్లో అడగాలి.

దారుల గురించి ఇంకొక్క మాట చెప్పి వదిలేస్తాను. వర్క్ పర్మిట్ ఉంది కదా అని ఎక్కడికైనా వెళ్లిపోవచ్చనుకోకు, ఏ జిల్లాకి రూట్ పర్మిట్ కావాలో బడి మూయకముందే ఆఫీసులో కనుక్కో. సెలవుల్లో సంతకం పెట్టేవాళ్లు కూడా సెలవులోనే ఉంటారు.

ఇక ఇంటికి వెళ్లడం. పిలిస్తేనే వెళ్లు. పిలుస్తారు, ఆ దేశంలో మాస్టారంటే ఇంకా గౌరవం ఉంది. ఆ గౌరవంతోనే వస్తుంది చిక్కు. మంచి కంబళి నీకే ఇస్తారు, చాలా ఇళ్లల్లో అయితే పూజగదిలోనే పక్క వేస్తారు. కాళ్లు విగ్రహాల వైపు పెట్టకుండా పడుకో. నీ కోసం ఏం మానుకున్నారో, ఎవరు ఎక్కడ సర్దుకున్నారో కూడా గమనించు. అన్ని రోజులూ తిష్ట వెయ్యకు, రెండు రాత్రులు చాలు.

నేను అక్కడ పనిచేసిన రోజుల్లో ఒక జనవరిలో ఫోబ్జిఖా లోయకి వెళ్లాను, నా క్లాసులో వెనక బెంచీ పిల్లాడి ఇంటికి. క్లాసులో లేపి నిలబెడితే నేల వైపు చూసేవాడు. ఇంట్లో చూస్తే వాడే పెద్దమనిషి. కట్టెలు కొట్టడం, చలి కాచుకునే పొయ్యి బుఖారీలో వెయ్యడం, ఆవుల కింద పరచడానికి పైన్ ఆకులు మోసుకురావడం, మధ్యలో నాకూ వాళ్ల నానమ్మకూ దుబాసీ పని. నేను కొంగల గురించి అడిగాను. చలికాలంలో టిబెట్ వైపు నుంచి ఆ లోయకి నల్లమెడ కొంగలొస్తాయి, అక్టోబరు చివర్లో మొదలై ఫిబ్రవరి, మార్చి దాకా ఉంటాయి. వస్తూ పోతూ గాంగ్తే గోంపా (మఠం) చుట్టూ మూడుసార్లు తిరుగుతాయని అక్కడివాళ్ల నమ్మకం. అది నిజమేనా అని నానమ్మని అడగమన్నాను. ఆవిడ చేతులు తిప్పుతూ, ఒకసారి నవ్వుతూ, ఒకసారి నా వైపు వేలు చూపిస్తూ చాలాసేపు చెప్పింది. వీడు అంతా విని, "తిరుగుతాయట సర్" అన్నాడు. అంతేనా అంటే, కాసేపు కట్టెలు సర్ది, "మిగతాది నా గురించి సర్" అన్నాడు.

ఆ మిగతాది ఏమై ఉంటుందో నేను కల్పించి రాయలేదు. నువ్వూ రాయకు. కొత్తగా రాసేవాళ్లకి ఇక్కడే చెయ్యి దురద పెడుతుంది. నానమ్మ నోట్లో నాలుగు జ్ఞానవాక్యాలు పెట్టేస్తారు, కొండ ప్రాంతపు ముసలమ్మ కదా, చెప్పే ఉంటుందిలే అని. నీకు భాష రాదు, మధ్యలో ఉన్నది నువ్వు మార్కులు వేసే పిల్లాడు, వాడికి వాడి లెక్కలు వాడికుంటాయి. ఇదంతా అలాగే పేజీ మీద పెట్టు, పాఠకుడికి చాలా చెప్తుంది.

అదే లోయలో ఇంకో సంగతి. కొంగల రెక్కలకి తగలకుండా అక్కడ కరెంటు తీగలు స్తంభాల మీద కాకుండా నేల కింద నుంచి వేశారు. ఇది ప్రతి ట్రావెల్ వ్యాసంలోనూ ఉంటుంది, ఎంత గొప్ప దేశమో అనే మాట తోకకి తగిలించి. గొప్పే, కాదనను. కానీ టీచరుకి తట్టాల్సిన ప్రశ్న వేరు. ఆ తీగలు వచ్చేదాకా ఈ పిల్లాడి అక్క ఏ దీపం దగ్గర చదివింది? అది వాళ్ల అక్కనే అడగొచ్చు, ఆవిడ పక్క గదిలోనే ఉంటుంది. టూరిస్టుకి ఆ గది దాకా దారి లేదు.

దారి పొడవునా చూసేవాటి మీద కూడా ఇదే మాట. రాతి గుహల అంచుల్లో, చోర్టెన్ల (స్తూపాల) గూళ్లలో వేళ్లంత మట్టి గోపురాలు వరసగా పేర్చి ఉంటాయి, ఎరుపు, తెలుపు, బంగారు రంగుల్లో. నీ వ్యాసంలో వాటిని "ముచ్చటైన మట్టి బొమ్మలు" అన్నావు, ఒకటి చేతిలోకి తీసుకున్నానని కూడా రాశావు. వాటిని త్సాత్సా అంటారు. చాలావాటి మట్టిలో చనిపోయినవాళ్ల చితాభస్మం కలిపి ఉంటుంది. గుట్ట మీద తెల్లగా, నిలువుగా, గుంపుగా పాతిన పొడుగాటి జెండాలు కూడా పోయినవాళ్ల పేరునే, నూట ఎనిమిది పాతడం ఆచారం. దోచులా కనుమ మీద అందరూ సెల్ఫీలు దిగే ఆ 108 చోర్టెన్లు 2003 డిసెంబరులో దక్షిణ సరిహద్దు అడవుల్లో జరిగిన సైనిక చర్యలో పోయినవాళ్ల జ్ఞాపకంగా కట్టినవి. నీ క్లాసులో ఏ పిల్లనడిగినా ఇందులో సగం చెప్తుంది. చూసింది చూసినట్టు రాయమని నీకెవరో చెప్పారట. చూసింది ఏమిటో ముందు ఎవరినైనా అడిగాక రాయి.

పునాఖాకి మాత్రం వెళ్లు, అది ఎవరి మ్యాపులో ఉన్నా లేకపోయినా. థింపూ 2,300 మీటర్ల ఎత్తులో గడ్డకడుతుంటే పునాఖా వెయ్యి మీటర్లు కిందుగా వెచ్చగా ఉంటుంది, అందుకే పెద్ద మఠాధిపతి జె ఖెన్‌పోతో సహా రాజధానిలోని కేంద్ర మఠం సన్యాసులు చలికాలానికి అక్కడికి మకాం మారుస్తారు. ఫో ఛూ, మో ఛూ నదులు కలిసే చోట 1637లో మొదలుపెట్టి కట్టిన జోంగ్ అది. అందం గురించి నేను చెప్పను. 1994 అక్టోబరులో పైన లునానాలో ఒక హిమనీ సరస్సు కట్ట తెగి, వరద ఆ జోంగ్‌ని కూడా కొట్టింది, మనుషులు పోయారు. ఆ రాత్రి, ఆ పొద్దు చూసినవాళ్లు ఇప్పుడు నీ పిల్లల తల్లిదండ్రుల వయసువాళ్లు. నది ఒడ్డున కూర్చుని నీళ్ల రంగు వర్ణించే బదులు, నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయని ఒకరిని అడుగు. చెయ్యెత్తి చూపిస్తారు. ఆ చెయ్యి ఎంత ఎత్తుకి లేచిందో రాసుకో.

ఆనందం గురించి. దయచేసి "ప్రపంచంలోనే ఆనందమయ దేశం" అని మొదలుపెట్టకు. స్థూల జాతీయ ఆనందం నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ ముందుకు తెచ్చిన పాలనా సూత్రం, ఇంటింటికీ అతికించిన సర్టిఫికెట్ కాదు. నీ స్టాఫ్‌రూమ్‌లో ఖాళీ కుర్చీలు నువ్వే చూస్తున్నావు. ఈ మధ్య సంవత్సరాల్లో ఎంతోమంది చదువుకున్నవాళ్లు, అందులో టీచర్లు కూడా, ఉద్యోగాలు వదిలి ఆస్ట్రేలియా దారి పట్టారు. నీ ముందు ఆ సీట్లో ఎవరుండేవాళ్లు, ఎందుకు వెళ్లారు, వెళ్లేముందు పిల్లలకి ఏం చెప్పారు? టీ తాగుతూ తెలుసుకోవచ్చు ఇదంతా. దక్షిణాన నేపాలీ మాట్లాడే ఊళ్లకి వెళ్తే ఇంకా జాగ్రత్త. 1990ల మొదట్లో అక్కడి నుంచి వెళ్లిపోవాల్సి వచ్చినవాళ్లు లక్షకి దగ్గరగా నేపాల్ శిబిరాల్లో ఏళ్లకేళ్లు ఉన్నారు, 2007 తర్వాత చాలామందిని అమెరికా వంటి దేశాలకి పంపారు. చుట్టాలు ఇటూ అటూ అయిన ఇళ్లుంటాయి. అడగకు. వాళ్లంతట వాళ్లు చెప్తే విను, విన్నదాంట్లో ఊరు, పేరు, ఇంటి గుర్తు ఏదీ బయటికి రానివ్వకు. నువ్వు సెలవైపోగానే వేరే చోట రాసుకుంటావు, వాళ్లు అక్కడే ఉండాలి.

పిల్లల విషయంలోనూ అంతే, ఇంకా గట్టిగా. వాళ్ల పేర్లు మార్చు, మొహాలు పెట్టకు, ఇంట్లో కనపడిన లేమిని నీ వ్యాసానికి తాలింపుగా వాడకు. ఏ యాత్రా రచయితకీ లేని ఇబ్బంది ఒకటి నీకుంది. ఫిబ్రవరిలో అదే పిల్లాడు నీ ఎదురుగా కూర్చుంటాడు, నువ్వు వాడి నోటుబుక్ దిద్దాలి. నువ్వు రాసింది ఏదో ఒక రోజు వాడి చేతిలో పడుతుంది, ఇంగ్లిష్‌లోకి మార్చుకుని చదివేస్తారు ఇప్పటి పిల్లలు. చదివితే వాడు నేల వైపు చూస్తాడా, నీ వైపు చూస్తాడా? నాకు తెలిసి దీనికంటే మంచి ఎడిటర్ లేడు.

రాసే పద్ధతి గురించి పెద్దగా చెప్పేది లేదు. రాత్రి ఎంత చలేసినా ఆ రోజుది ఆ రోజే రాసుకో, ఎడమ పేజీలో కళ్లారా చూసినవి, కుడి పేజీలో ఎవరో చెప్పినవి. ఈ రెండూ కలిసిపోతే తర్వాత విడదీయలేవు. ఫోన్‌లో ఫొటోలున్నాయి కదా అనుకోకు, ఫొటోలో పొగ వాసన ఉండదు, బస్సులో ముందు సీటు పాప వాంతి చేసుకుంటే పక్కావిడ తన గో చెంగు... కాదు, గో మగవాళ్లది, ఆడవాళ్లది కిరా, చూశావా, ఇలాంటివి కూడా కుడి ఎడమలు సరిచూసుకునే రాయాలి. "భూతల స్వర్గం", "ప్రకృతి ఒడి" కనపడగానే కొట్టెయ్. ప్రయాణం మొదలైన తీరు, టికెట్టు, సామాను సర్దుడు ఉన్న మొదటి పేరా కూడా.

ఇక పుస్తకం. ఈ సెలవులకి ఒక్క లోయ చాలు, ఒక్క దారి చాలు, పుస్తకం తొందర నీకున్నంత నాకు లేదు. ఫిబ్రవరిలో బడి తెరిచాక మొదటి వారం నువ్వు తిరిగిన ఊళ్ల సంగతి క్లాసులో ఎత్తకు, ముందు వాళ్ల చేత సెలవుల గురించి రాయించు. నువ్వు ఇంటికొచ్చావని ఆ పిల్లాడు రాస్తాడో రాయడో చూడు. రాస్తే ఏం రాశాడో చదివి, అప్పుడు నీ డ్రాఫ్ట్ మళ్లీ తీసి సరిచూసుకో. మార్చిలో నాకు పంపు, ఈసారి టైప్ చేసి పంపు, నీ చేతిరాతతో నా కళ్లు పడే పాట్లు చాలు.

మీ అన్నయ్య