సమాధానం: వోచరు ఉంటే పాత్ర మనదైపోదండీ

మా బొమ్మల కథల పుస్తకాలు అమ్ముడవుతున్నా, వాటిలోని పాత్రలకు ఎవరూ రేటు కట్టట్లేదెందుకని అడిగారు. లోటు లెక్కల్లో కాదు, కాగితాల్లో ఉండి ఉంటుంది. పాలకొల్లు ఆర్టిస్టు దగ్గర తీసుకున్న వోచర్లే ఉన్నాయన్నారు. "12 పేజీల బొమ్మలకు ముట్టినది" అన్న వోచరు డబ్బు ఇచ్చినట్టు చెబుతుంది, హక్కు (కాపీరైట్) రాసిచ్చినట్టు కాదు.

1. ఆర్టిస్టు మీ రాజమండ్రి ఆఫీసులో నెల జీతం మీద పనిచేశారా? అయితే వేరే ఒప్పందం లేనంతవరకు ఉద్యోగంలో గీసినవి మీవే.

2. బయటి నుంచి గీసిస్తే సాధారణంగా హక్కు ఆయనదే. సంతకంతో రాతపూర్వక బదిలీ కావాలి.

3. అందరూ జారిపోయేది గడువు దగ్గర. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ప్రకారం గడువు రాయకపోతే బదిలీ 5 ఏళ్లకే. ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. "సర్వహక్కులూ ఇచ్చితిని" అని 2015లో రాయించుకుని గడువు వదిలేస్తే, 2020తో సరి! పైగా ఒప్పందంలో వేరేగా లేకపోతే, ఏడాదిలోపు వాడని హక్కు కూడా పోతుంది.

4. కొత్త పత్రంలో కాపీరైట్ ఉన్నంతకాలం, ప్రపంచమంతా అని రాయించండి. పుస్తకం, యానిమేషన్, పాత్రల బొమ్మలతో అమ్మే సరుకు విడివిడిగా పేర్కొని, దేనికి ఎంత ఇస్తారో కూడా రాయండి. ఆర్టిస్టు చనిపోయి ఉంటే వారసులందరి సంతకాలూ కావాలి.

1996లో దివాలా పిటిషన్ వేసిన అమెరికా బొమ్మల కథల సంస్థ మార్వెల్‌ను 2009లో డిస్నీ సుమారు 400 కోట్ల డాలర్లకు కొన్నది గోడౌన్లో పుస్తకాల కోసం కాదు కదా, పాత్రల కోసం. పత్రం చేతికొచ్చాకే బేరానికి కూర్చోండి.