సిట్టాంగ్ వంతెన దగ్గర ఓడిన బ్రిగేడియర్‌కు పార్లమెంటులో దొరికిన అప్పీలు

యుద్ధంలో ఓడిపోయి, కొలువు కూడా పోగొట్టుకున్న సైన్యాధికారి ఎవరైనా ఆ తరువాత రాజకీయాలలో నిలదొక్కుకున్నారా అని మీరు అడిగారు. నిలదొక్కుకున్నారు. బ్రిటన్‌లో కన్సర్వేటివ్ పార్టీ తరఫున పదహారేళ్ళు పార్లమెంటు సభ్యుడిగా ఉన్న బ్రిగేడియర్ సర్ జాన్ స్మైత్ అందుకు సరైన ఉదాహరణ. సైన్యం నుండి రాజకీయాలకు వచ్చిన కన్సర్వేటివ్‌లు అనగానే అందరూ చర్చిల్ దగ్గర మొదలుపెట్టి చర్చిల్ దగ్గరే ఆగిపోతారు. నేను స్మైత్ గురించి చదవడం మొదలుపెట్టడానికి కారణం మా ఇంట్లోనే ఉంది. మా తాతగారు రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోసేవారు. 1942లో ఆ ఊరు జపాన్ వారి చేతికి చిక్కడానికి దారితీసిన ఓటమి, సిట్టాంగ్ నది వంతెన దగ్గర, స్మైత్ నాయకత్వంలో జరిగింది.

స్మైత్ పిరికివాడని ఎవరైనా అనుకుంటే అది అన్యాయం. 1915 మే 18న ఫ్రాన్స్‌లోని రిష్‌బూర్ లావూయే దగ్గర, 15వ లూధియానా సిక్కు పటాలంలో లెఫ్టినెంట్‌గా ఉన్నప్పుడు, ముందు వెళ్ళిన రెండు జట్లు విఫలమైన చోటికి ఆయన పదిమంది సిక్కు సిపాయిలతో 96 బాంబులు మోయించుకుని వెళ్ళాడు. ఆ పదిమందిలో ఎనిమిది మంది చనిపోవడమో గాయపడడమో జరిగింది. ఆయన మిగిలిన ఇద్దరితో, దారిలో ఒక వాగును ఈది మరీ, శత్రువుకు ఇరవై గజాల దూరం దాకా ఆ బాంబులను చేర్చాడు. ఆయనకు బ్రిటన్‌లో శౌర్యానికిచ్చే అత్యున్నత పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. ఆ పతకానికి భారతీయ సిపాయిలు కూడా అర్హులేనని 1911లోనే ప్రకటించినప్పటికీ, అదే గుండ్లవానలో అదే బరువు మోసినవారికి అంతకంటే తక్కువ పతకాలతో సరిపెట్టారు. ఈ మాట స్మైత్ మీద ఫిర్యాదు కాదు, ఆ కాలం పద్ధతి మీద ఫిర్యాదు.

ఇక సిట్టాంగ్ సంగతి. 1942 ఆరంభంలో స్మైత్ బర్మాలో 17వ ఇండియన్ డివిజన్‌కు అధిపతి. ఎడారి యుద్ధం కోసం తర్ఫీదు పొందిన ఆ డివిజన్ నుండి రెండు బ్రిగేడ్లను అప్పటికే మలయాకు పంపేశారు. చేతికి వచ్చినవన్నీ కొత్తగా అతికించిన దళాలు. తూర్పున ఎక్కడెక్కడో నిలబడి చితికిపోవడం కంటే వెనక్కి వచ్చి, సిట్టాంగ్ నదిని అడ్డం పెట్టుకుని పోరాడాలని స్మైత్ వాదించాడు. పై అధికారి జనరల్ హట్టన్ ఒప్పుకోలేదు. రంగూన్ రేవులో ఇంకా సేనలు దిగవలసి ఉన్నందున ప్రతి రోజూ విలువైనదేనని ఆయన లెక్క. ఆ లెక్క కూడా తప్పు కాదు, ఎందుకంటే 7వ ఆర్మర్డ్ బ్రిగేడ్ ట్యాంకులు ఆ రేవులో దిగింది ఫిబ్రవరి 21న. సిట్టాంగ్‌కు తూర్పున ఉన్న బిలిన్ నది దగ్గర రోజుల తరబడి పోరాడాక, 19వ తేదీన గాని వెనక్కి రావడానికి అనుమతి దొరకలేదు.

ఆ తరువాతి నాలుగు రోజులలో స్మైత్‌కు ఏదీ కలిసి రాలేదు. ఎండలో, దుమ్ములో, నీళ్ళు లేని దారిలో నడుస్తున్న బలగం మీద సొంత పక్షపు విమానాలే శత్రువులనుకుని గుండ్లు కురిపించాయి. సిట్టాంగ్ మీద ఉన్నది సుమారు అర కిలోమీటరు పొడవైన ఇనుప రైలు వంతెన. లారీలు పోవడానికి దాని మీద చెక్కలు పరిచారు. 21వ తేదీ రాత్రి ఒక లారీ ఆ చెక్కల మీద నుండి జారి అడ్డం పడడంతో గంటల తరబడి రాకపోకలు నిలిచిపోయాయి. తెల్లవారేసరికి జపాన్ సేనలు వంతెన మీదికి వచ్చిపడ్డాయి. ఆ రోజంతా పోరు సాగింది. రెండో రాత్రి గడిచేసరికి, ఇంకొక పగలు వంతెనను నిలపగలనన్న భరోసా అక్కడి కమాండర్ బ్రిగేడియర్ హ్యూ-జోన్స్‌కు లేదు. వంతెన చెక్కుచెదరకుండా శత్రువు చేతికి పోతే రంగూన్‌కు దారి తెరిచినట్టే. పేల్చేస్తే అవతలి ఒడ్డున ఉన్న రెండు బ్రిగేడ్లను వదిలేసినట్టే. స్మైత్ పేల్చడానికి అనుమతి ఇచ్చాడు. ఫిబ్రవరి 23 ఉదయం అయిదున్నరకు వంతెన కూలింది.

అవతల మిగిలిన గూర్ఖాలు, పంజాబీలు, తెల్ల సిపాయిలు వెదుళ్ళు కట్టుకుని, తుపాకులు వదిలేసి, పగటి వెలుగులో నది ఈదారు. ఈత రానివారు చాలామంది ఉన్నారు. మరునాడు లెక్కపెడితే డివిజన్ కాల్బలంలో 3,484 మంది మిగిలారు, వారి దగ్గర ఉన్న రైఫిళ్ళు 1,420. మార్చి 8న రంగూన్ పోయింది. అంతకు ముందే స్మైత్‌ను భారత సేనాధిపతి వేవెల్ తొలగించాడు. హోదా తగ్గించి సైన్యం నుండి ఇంటికి పంపారు.

ఆ వంతెన కూలిన వార్త మా తాతగారికి ఏ పత్రికలోనూ అందలేదు. రేవులో పని ఆగిపోవడం, దొరలు సామాన్లు సర్దుకోవడం చూసి ఆయనే గ్రహించారు. ప్రోమ్ మీదుగా కొండలు దాటి టౌంగుప్ చేరి, అక్కడ పడవవాడు అడిగిన డబ్బు లేక ఎడమ చెవి పోగు తీసి ఇచ్చారట. రెండో పోగు మాత్రం దాచుకుని చిట్టగాంగ్ మీదుగా శ్రీకాకుళం చేరారు. బతికినన్నాళ్ళూ ఆయన ఒక చెవికే పోగు పెట్టుకున్నారు. ఆ ఏడాది నాలుగైదు లక్షల మంది భారతీయులు అలా బర్మా విడిచి వచ్చారు, వేలాది మంది దారిలోనే పోయారు. వారిలో మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాలవారు ఎందరో ఉన్నా, నేను చదివిన బడి పుస్తకాలలో ఆ నడక గురించి ఒక్క వాక్యం లేదు. 1930లో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేసినప్పుడు చెలరేగిన అల్లర్ల గురించీ లేదు. పానిపట్టు యుద్ధాల తేదీలు మాత్రం మూడూ కంఠతా పట్టించారు.

స్మైత్ విషయానికి వస్తే, ఆయన రాజకీయ జీవితం కూడా ఓటమితోనే మొదలైంది. 1945లో వాండ్స్‌వర్త్ సెంట్రల్‌లో కార్మిక నాయకుడు ఎర్నెస్ట్ బెవిన్ మీద నిలబడి ఓడాడు. 1950లో దక్షిణ లండన్‌లోని నార్‌వుడ్ నుండి గెలిచి, 1966 దాకా అక్కడే ఉన్నాడు. 1951 నుండి 1955 వరకు పింఛన్లు చూసే మంత్రిత్వ శాఖలో పార్లమెంటరీ కార్యదర్శిగా పనిచేశాడు. 1956లో బారోనెట్ (వంశపారంపర్యంగా వచ్చే సర్ బిరుదు) అయ్యాడు. అదే ఏడాది ఏర్పడిన విక్టోరియా క్రాస్ గ్రహీతల సంఘానికి మొదటి అధ్యక్షుడూ ఆయనే. టెన్నిస్ గురించి, పిల్లుల గురించి కూడా పుస్తకాలు రాశాడు. సైన్యంలో ఉండిపోయి ఉంటే ఇవేవీ జరిగేవి కావని నా గట్టి నమ్మకం.

సైన్యంలో ఓడినవాడికి అప్పీలు ఉండదు. ఒకసారి తొలగించాక ఆ ఫైలు మూసినట్టే. రాజకీయాలలో మాత్రం మనిషి తన కేసును తానే వాదించుకోవచ్చు, వినేవారూ దొరుకుతారు. 1957లో సిట్టాంగ్ గురించి పుస్తకం రాసి, తాను ముందే వెనక్కి వస్తానంటే హట్టన్ రానివ్వలేదని స్మైత్ గట్టిగా వాదించగలిగాడంటే, అప్పటికి ఆయన పేరు ముందు సర్ ఉంది, పేరు వెనుక ఓటర్లు ఉన్నారు. కొందరు చరిత్రకారులు ఆయన వైపే కొంత మొగ్గుతున్నారు. హట్టన్ మాటకు అంత బలం లేకపోయింది.

ఆయన సొంత పేరు కోసమే పాకులాడాడని మాత్రం అనలేను. జపాన్ చెరలో మగ్గిన బ్రిటిష్ సైనికులకు పరిహారం ఇవ్వాలని 1951లో పార్లమెంటులో పోరాడినవారిలో ముందున్నది ఆయనే. ఆ ఏడాది జపాన్‌తో కుదిరిన శాంతి ఒప్పందంలో అందుకు ఒక నిబంధన చేరింది, ఒక్కొక్కరికి సుమారు 76 పౌండ్లు దక్కాయి. ఆ మొత్తం చిన్నదే, అయినా అడిగేవాడు లేకపోతే అదీ వచ్చేది కాదు. స్మైత్ కింద పోరాడినవారిలో అధికులు భారతీయులు, గూర్ఖాలు. మన దేశం ఆ ఒప్పందంలో చేరకుండా 1952లో జపాన్‌తో విడిగా సంతకం చేసి, నష్టపరిహార హక్కులన్నీ వదులుకుంది. అది గొప్ప ఔదార్యమని మనవారు ఇప్పటికీ చెప్పుకుంటారు. వదులుకున్న హక్కు ఎవరిదో వారిని ఎవరూ అడగలేదన్నది నా అభ్యంతరం.

కాబట్టి మీ ప్రశ్నకు స్మైత్ పేరును నిస్సందేహంగా రాసుకోండి. నార్‌వుడ్ ఓటర్లకు, చెరనుండి తిరిగివచ్చిన సైనికులకు ఆయన మంచి ప్రతినిధి. 1942లో ఆయన వెనుక కూలిన ఊరి నుండి నడిచి వచ్చినవారికి ఏ పార్లమెంటులోనూ అలాంటి బ్రిగేడియర్ లేడు.