ఉమ్మి కిట్ కాదు, ముందు మీ మేనత్తతో మాట్లాడండి

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. మా నాన్నకు 47వ ఏట పెద్దపేగు క్యాన్సర్ బయటపడింది. రెండేళ్లకే పోయారు. తాతయ్య, అంటే నాన్న వాళ్ల నాన్న, ‘కడుపులో గడ్డ’ వచ్చి చిన్న వయసులోనే చనిపోయారని అంటారు. మేనత్తకు చాలా ఏళ్ల కిందట గర్భసంచి తీసేశారు. అది క్యాన్సర్ వల్ల అని మాకు ఈ మధ్యే తెలిసింది. అప్పటికి ఆమెకు 49. ఇప్పుడు బాగానే ఉన్నారు. అమ్మకు షుగర్ ఉంది. మేనమామకు 71వ ఏట గుండెపోటు వచ్చింది. నాకైతే ఏ ఇబ్బందీ లేదు. ఇంట్లోనే ఉమ్మి తీసి పంపితే జీన్లన్నీ చూసి ఏ జబ్బులు వస్తాయో చెబుతామనే కిట్ ప్రకటన చూశాను. నాకూ, మా చెల్లెలికీ (33), తొమ్మిదేళ్ల మా పాపకూ కలిపి తెప్పిద్దామనుకుంటున్నాను. మంచిదేనా? మేనత్తది ఆడవాళ్ల క్యాన్సర్ కాబట్టి దాన్ని నేను లెక్కలోకి తీసుకోవడం లేదు.
– ఒక పాఠకుడు

డాక్టర్ సలహా: కిట్ తెప్పించకండి. మీ అనుమానం మాత్రం సరైనదే. మీరు అనుకుంటున్నదానికన్నా గట్టి కారణమే ఉంది. ఎందుకంటే మీరు లెక్కలోంచి తీసేసిన మేనత్తే ఈ మొత్తం కథలో ముఖ్యమైన మనిషి. ఇప్పుడు మీరు చేయాల్సినవి రెండు. ఒకటి, ఏ జీన్ టెస్టుతోనూ సంబంధం లేకుండా మీరు కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష, చేయించుకోవాలి. రెండోది, జీన్ టెస్టు మొదట జరగాల్సింది మీకు కాదు, ఆమెకు.

కొలనోస్కోపీ సంగతి చిన్నదే కాబట్టి ముందు అది చెప్పేస్తాను. కుటుంబంలో ఎవరికీ లేనివాళ్లకు పెద్దపేగు పరీక్షలు సాధారణంగా 45 లేదా 50 ఏళ్లకు మొదలుపెడతారు. కన్న తల్లిదండ్రుల్లోనో, తోడబుట్టినవాళ్లలోనో ఒకరికి 60 లోపు ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే లెక్క మారుతుంది. 40వ ఏట గానీ, వాళ్లకు జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు గానీ, ఏది ముందు వస్తే అప్పుడు చేయించుకోవాలి. మీ నాన్నగారికి 47 అంటే మీకు 37. ఏడాది ఆలస్యమైంది. దానికి గాబరా పడక్కర్లేదు, ఇంకో ఏడాది మాత్రం ఆగకండి. క్యాన్సర్‌గా మారబోయే పాలిప్స్, అంటే పేగు లోపలి గోడ మీద మొలిచే చిన్న కండలు, కనిపిస్తే ఆ పరీక్షలోనే తీసేయొచ్చు. ముందే కనిపెట్టడమే కాదు, రాకుండా ఆపగలిగే అతికొద్ది క్యాన్సర్లలో ఇదొకటి.

ఇక మేనత్త విషయం. పేగు క్యాన్సర్, గర్భసంచి క్యాన్సర్ వేర్వేరు జబ్బులని మీరు అనుకోవడం సహజం. కానీ రెంటి వెనకా ఒకే జీన్ లోపం ఉండొచ్చు. కణం రెండుగా చీలే ప్రతిసారీ డీఎన్ఏ మొత్తం మళ్లీ రాసుకోవాలి. అంత రాతలో అచ్చుతప్పులు పడక మానవు. వాటిని పట్టుకుని దిద్దే ప్రూఫ్ రీడర్లలాంటి జీన్లు మన ఒంట్లో ఉన్నాయి. ఎంఎల్‌హెచ్‌1, ఎంఎస్‌హెచ్‌2, ఎంఎస్‌హెచ్‌6, పీఎంఎస్‌2 అనే నాలుగూ ఆ పని చేసేవే. వీటిలో ఒకటి పుట్టుకతోనే పాడై ఉంటే దాన్ని లించ్ సిండ్రోమ్ అంటాం. తప్పులు దిద్దేవాడు సరిగా లేకపోతే అవి పేరుకుపోతాయి. వాటి ఫలితం ఎక్కువగా కనిపించేది పెద్దపేగులోనూ, గర్భసంచి లోపలి పొరలోనూ. అందుకే ఒకే ఇంట్లో నాన్నకు పేగు, ఆయన అక్కచెల్లెళ్లకు గర్భసంచి క్యాన్సర్ రావడం చూస్తే మాకు ముందు ఇదే గుర్తుకొస్తుంది. ఆడవాళ్ల క్యాన్సర్ అయినంత మాత్రాన ఆ జీన్ ఆడవాళ్ల ద్వారానే రావాలని లేదు. తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి కూతురికి కూడా వెళ్తుంది. ఉన్నవాళ్ల ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం.

ఇది మరీ అరుదైనదీ కాదు. దాదాపు 300 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. వాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఇక్కడ ఒక పాత కథ చెప్పాలి. 1895లో అమెరికాలోని మిచిగాన్‌లో ఆల్డ్రెడ్ వార్తిన్ అనే పాథాలజిస్టుకు ఒక కుట్టుపని చేసే మహిళ తన దిగులు చెప్పుకుంది. మా ఇంట్లో అందరూ పేగు క్యాన్సర్‌తోనో, గర్భసంచి క్యాన్సర్‌తోనో పోతున్నారు, నేనూ అలాగే పోతాను అని. అన్నట్టే ఆమె చిన్న వయసులోనే గర్భసంచి క్యాన్సర్‌తో చనిపోయింది. వార్తిన్ ఆ మాటను తోసిపుచ్చలేదు. ఆ కుటుంబం వివరాలు ఓపిగ్గా పోగుచేసి 1913లో ప్రచురించాడు. 1960లలో హెన్రీ లించ్ ఇలాంటి కుటుంబాల మీద పనిచేసి ఈ జబ్బు వంశపారంపర్యమని వాదించాడు. జీన్లు దొరకడం మొదలైంది 1993లో. అంటే ప్రయోగశాల కనిపెట్టడానికి దాదాపు నూరేళ్ల ముందే ఆ కుట్టుపనామె తన ఇంటి జబ్బును గుర్తుపట్టింది.

అదే పని ఇప్పుడు మీరు చేయాలి. ఒక కాగితం తీసుకుని మూడు తరాలు గీయండి. నాన్న వైపూ, అమ్మ వైపూ. ఒక్కొక్కరి పక్కన ఏ జబ్బు, ఏ వయసులో బయటపడింది అని రాయండి. చాలామంది పోయిన వయసు చెబుతారు. మాకు కావలసింది జబ్బు బయటపడిన వయసు. 71వ ఏట వచ్చిన మీ మేనమామ గుండెపోటు కన్నా 47వ ఏట వచ్చిన మీ నాన్నగారి క్యాన్సర్ మాకు ఎక్కువ చెబుతుంది. వయసు మీద పడ్డాక వచ్చే జబ్బులు అందరి ఇళ్లలోనూ ఉంటాయి. అమ్మగారి షుగర్ వల్ల మీకూ షుగర్ వచ్చే ముప్పు కొంత పెరుగుతుంది. దానికి జీన్ టెస్టు అక్కర్లేదు, ఎప్పటికప్పుడు రక్తపరీక్ష, నడుము చుట్టుకొలత మీద కన్ను ఉంటే చాలు.

కాగితం నింపేటప్పుడు మన ఇళ్లలో జబ్బులకు వాడే మాటల వెనక్కి వెళ్లాలి. ‘గర్భసంచి తీసేశారు’ అంటారు, ఎందుకు తీశారో చెప్పరు. ‘కడుపులో గడ్డ’ కాలేయమా, పేగా, అండాశయమా అన్నది ఎవరూ అడగరు. డాక్టర్లం మేమూ తక్కువేం కాదు. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో నేను ‘ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్ ఉన్నాయా’ అని అడిగి, లేవంటే ‘ఫ్యామిలీ హిస్టరీ: ఏమీ లేదు’ అని రాసేసేవాణ్ణి. ఒకసారి అలా రాసిన మనిషి తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి, ‘మా అన్నయ్య 35వ ఏట నిద్రలోనే పోయాడు, అది కూడా చెప్పాలా?’ అన్నాడు. వయసులో ఉన్న మనిషి హఠాత్తుగా పోయాడంటే గుండె కండరంలోనో, గుండె విద్యుత్తులోనో పుట్టుకతో వచ్చిన లోపం ఉందేమో చూడాలి. నేను అడిగిన ప్రశ్నలో దానికి చోటే లేదు. అప్పటినుంచి ‘50 లోపు ఎవరైనా పోయారా, ఎవరికైనా పెద్ద ఆపరేషన్ అయిందా’ అని అడుగుతున్నాను. మీ డాక్టర్ అడగకపోతే మీరే కాగితం ఆయన బల్ల మీద పెట్టండి.

మీ తాతగారి గడ్డ పేగుదేనని తేలితే బొమ్మ పూర్తవుతుంది. లించ్ కుటుంబాలను గుర్తుపట్టడానికి డాక్టర్లు వాడే ఒక పాత కొండగుర్తు ఉంది: మూడు, రెండు, ఒకటి. దగ్గరి బంధువులు ముగ్గురికి, రెండు తరాల్లో, కనీసం ఒకరికి 50 లోపు. ఆ లెక్కలో అన్నీ సరిపోకపోయినా పరీక్ష అడగొచ్చు. ఆ మూడో మనిషి కోసం వెతుకుతూ కూర్చోకండి.

ఇంతకీ మేనత్తకే ముందు టెస్టు ఎందుకు? మీకు చేసి ఏమీ దొరకలేదనుకోండి. దానికి రెండు అర్థాలుంటాయి. ఇంట్లో ఉన్న తప్పు మీకు రాలేదని ఒకటి. అసలు ఆ తప్పు ఎక్కడుందో మన పరీక్షకు అందలేదని రెండోది. ఏది నిజమో తెలియదు, కాబట్టి ఆ నెగెటివ్ రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండలేం. అదే, జబ్బు వచ్చిన మనిషిలో తప్పు ఏ జీన్‌లో, ఏ అక్షరం దగ్గర ఉందో దొరికిందంటే, మీలో, మీ చెల్లెలిలో సరిగ్గా ఆ ఒక్కచోట చూస్తే చాలు. అక్కడ లేకపోతే లేనట్టే. లించ్ కోసం అంత తరచుగా చేసే పరీక్షలు మీకు అవసరముండవు.

మేనత్త రక్తం ఇస్తే సరిపోతుంది. వీలైతే ఆపరేషన్‌లో తీసిన ముక్క మీద కూడా పరీక్ష చేయొచ్చు. ఆ ముక్కలను మైనంలో పెట్టి ఆసుపత్రుల్లో కొన్నేళ్లు దాచుతారు. అందులో ఆ నాలుగు జీన్లు తయారుచేసే ప్రూఫ్ రీడర్ ప్రొటీన్లు ఉన్నాయో లేదో రంగు వేసి చూస్తారు. మీ నాన్నగారి బయాప్సీ ముక్క ఇంకా ఉందేమో కూడా అడగండి. ఇప్పుడాయన లేకపోయినా ఆ ముక్క చెప్పగలదు.

‘మీ వల్లే మాకు వచ్చిందేమో’ అనే ధోరణిలో మాత్రం ఆమెను అడగకండి. ఇన్నేళ్లు దాచుకున్న విషయం అది. ‘అత్తా, నీ రిపోర్టు ఉంటే మాకు దారి తెలుస్తుంది’ అనండి, అది నిజం కూడా. ఈ టెస్టులో ఆమె లాభం కూడా ఉంది. జీన్‌లో తప్పు ఉందని తేలితే ఆమెకూ పెద్దపేగు పరీక్షలు కావాలి. గర్భసంచి తీసేసినంత మాత్రాన పేగుకు వచ్చే ముప్పు పోదు.

ఇప్పుడు కిట్ గురించి. ఇలాంటివన్నీ ఒకేలా ఉండవు, కానీ చాలావరకు జీన్ మొత్తం చదవవు, ఎంపిక చేసిన కొన్ని చోట్లే చూస్తాయి. 2018లో అమెరికాలో అనుమతి పొందిన ఒక ఇంటి టెస్టునే చూడండి. రొమ్ము క్యాన్సర్‌కు సంబంధించిన బీఆర్‌సీఏ జీన్లలో అది చూసింది మూడే మూడు మార్పులు. అవి ఎక్కువగా ఒక యూదు సమూహంలో కనిపించేవి. ఆ జీన్లలో జబ్బు తెచ్చే మార్పులు వేలల్లో ఉన్నాయి. ‘మీకు ముప్పు లేదు’ అని వచ్చే రిపోర్టుతోనే నాకు ఎక్కువ భయం. అది చూసి కొలనోస్కోపీ మానేసేవాళ్లుంటారు.

పూర్తిగా చదివే టెస్టులోనూ ఒక చిక్కుంది. అప్పుడప్పుడు ‘అర్థం తేలని మార్పు’ అని వస్తుంది. అది పాజిటివ్ కాదు. దాన్ని పట్టుకుని టెన్షన్ పడొద్దు, ఆపరేషన్ల జోలికి అసలే వెళ్లొద్దు. ఇలాంటివాటిలో ఎక్కువ శాతం తర్వాత హాని లేనివిగానే తేలతాయి. అందుకే ఈ టెస్టు జెనెటిక్ కౌన్సెలర్ ద్వారా గానీ, ఆ విషయం తెలిసిన డాక్టర్ ద్వారా గానీ చేయించాలి. ఇన్సూరెన్స్ మీద దాని ప్రభావం ఏమిటో కూడా ముందే అడిగి తెలుసుకోండి.

రేపు మీకు తప్పు జీన్ ఉందనే తేలిందనుకుందాం. అది క్యాన్సర్ వచ్చినట్టు కాదు. ఎంఎల్‌హెచ్‌1, ఎంఎస్‌హెచ్‌2 అయితే జీవితకాలంలో పెద్దపేగు క్యాన్సర్ వచ్చే అవకాశం నూటికి దాదాపు 40 నుంచి 50. పీఎంఎస్‌2 అయితే చాలా తక్కువ. దాన్ని బట్టి ఏడాదికో రెండేళ్లకో ఒకసారి కొలనోస్కోపీ పెట్టుకుంటారు. ఆస్పిరిన్ కూడా కొంత కాపాడుతుందని పరీక్షల్లో రుజువైంది. సొంతంగా మాత్రం మొదలుపెట్టకండి, కడుపులో రక్తస్రావం లాంటి ఇబ్బందులు దానికున్నాయి.

పాపకు ఇప్పుడు ఏ టెస్టూ వద్దు. లించ్‌లో పరీక్షలు 20, 25 ఏళ్ల వయసు వచ్చాకే మొదలవుతాయి. అప్పటిదాకా ఆ రిపోర్టుతో చేసేదేమీ లేదు. చేయించుకోవాలా వద్దా అన్నది పెద్దయ్యాక తనే తేల్చుకుంటుంది. అన్ని జబ్బులకూ ఇదే సూత్రం కాదు. పుట్టుకతో కొలెస్ట్రాల్ చాలా ఎక్కువగా ఉండే కుటుంబాల్లో పిల్లలకు ఎనిమిది, పదేళ్లకే మందు అవసరం కావచ్చు. అక్కడ చిన్నప్పుడే చూడాలి.

కొలనోస్కోపీ తేదీ వచ్చేలోపు మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, విరేచనం అలవాటు మారడం, రక్తహీనత లాంటివి కనిపిస్తే తేదీ కోసం చూడకండి, వెంటనే వెళ్లండి. మొలలేలే అని వదిలేయడం మీ ఇంట్లో కుదరదు.

ఆ కాగితం ఫొటో తీసి మీ చెల్లెలికి పంపండి. మీ నాన్నగారు ఆమెకూ నాన్నే. పేగు పరీక్ష విషయంలో ఆమెకు 37 రావడానికి ఇంకా నాలుగేళ్లుంది, మేనత్త రిపోర్టు వస్తే అది ముందుకు జరగొచ్చు. ఈలోగా నెలసరి మధ్యలో రక్తం కనపడినా, నెలసరి మునుపటిలా కాకుండా మరీ ఎక్కువైనా గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లమనండి. లోపలికి వెళ్లగానే మేనత్త సంగతి, నాన్న సంగతి మొదటి మాటగా చెప్పమనండి.